74 రోజుల తర్వాత ఇంటికి: ఆక్సిజన్‌తో డిశ్చార్జ్ అయిన ఒక పాప కేస్ స్టడీ

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి నవజాత శిశువుల ఐసీయూలో నేను సీనియర్ స్టాఫ్ నర్సుని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఇంటికి పంపేముందు చేయాల్సిన పనులు మా వార్డులో నా చేతి మీదుగా జరుగుతాయి. ఈ కేసు రాస్తానని పాప తల్లిదండ్రుల్ని అడిగాను, సరేనన్నారు. వాళ్ళెవరో తెలియకుండా ఉండాలని కొన్ని వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి ఉన్నవి ఉన్నట్టే రాశాను.

"బరువు రెండు కిలోలు దాటింది, పాలు తాగుతోంది, ఇక పంపించేద్దాం" అన్న మాట మా వార్డులో రోజూ వినిపిస్తుంది. చాలామంది పిల్లల విషయంలో అది సరిపోతుంది. ఆక్సిజన్ మీద ఇంటికెళ్ళే బిడ్డ విషయంలో సరిపోదు. ఆ ఇల్లు తయారవ్వాలి. ఆ ఇంట్లో బాలింతనీ బిడ్డనీ చూసుకునే పెద్దావిడ చేతులు కూడా తయారవ్వాలి. ఈ పాపకి మేం మొదట అనుకున్న తేదీ 66వ రోజు. పంపింది 74వ రోజు. ఆ ఎనిమిది రోజుల్లో ఏం జరిగిందన్నదే ఈ కేసులో అసలు సంగతి.

పాప గురించి

తల్లికి 24 ఏళ్ళు, మొదటి కాన్పు. ఏడో నెలలో బీపీ బాగా పెరిగింది. ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల కోర్సు పూర్తి చేసి, 28 వారాలకి ఆపరేషన్ చేసి పాపని తీశారు. పుట్టినప్పుడు బరువు 940 గ్రాములు. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఉంచే సర్ఫాక్టెంట్ మందు ఇచ్చారు. తొమ్మిది రోజులు వెంటిలేటర్, తర్వాత ఐదు వారాలు ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే సీపాప్ మిషన్, ఆ తర్వాత ముక్కు దగ్గర సన్న గొట్టాలతో ఆక్సిజన్. మూడో వారంలో ఒకసారి ఇన్‌ఫెక్షన్ వచ్చి మమ్మల్ని బాగా భయపెట్టింది. ఊపిరి ఆగిపోవడాలకి ఇచ్చే కెఫీన్ మందు, గర్భం లెక్కలో 34 వారాలు వచ్చాక ఆపేశాం.

అదే లెక్కలో 36 వారాలు వచ్చినా పాపకి ఆక్సిజన్ అవసరం తీరలేదు. దీన్ని బీపీడీ అంటాం. నెలలు నిండని ఊపిరితిత్తులు మిషన్ల ఒత్తిడికీ ఆక్సిజన్‌కీ కాస్త దెబ్బతిని, కోలుకోవడానికి నెలల సమయం తీసుకునే పరిస్థితి అది. నిమిషానికి పావు లీటరు ఇస్తే శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 93 నుంచి 96 మధ్య నిలకడగా ఉండేది. తీసేస్తే కొద్ది నిమిషాల్లో 87కి జారేది. మిగతావన్నీ బాగున్నాయి. తల స్కాన్ మామూలుగా ఉంది. గుండె ఎకోలో ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి పెరిగిన గుర్తులు లేవు. బయటి ఉయ్యాలలో వేడి నిలుపుకుంటోంది. రోజుకు 20, 25 గ్రాముల చొప్పున బరువు పెరుగుతోంది. ఊపిరి ఆగడం లాంటివి లేక పది రోజులు దాటింది. ఇక ఆక్సిజన్ కోసమే వార్డులో ఉంచితే ఆ బిడ్డకి ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ల భయం తప్ప ఒరిగేదేమీ లేదు. ఇంటి దగ్గర ఆక్సిజన్ ఇద్దామని డాక్టర్లు నిర్ణయించారు.

కళ్ళ సంగతి కూడా చెప్పాలి. రెండు కిలోల లోపు బరువుతోనో, 34 వారాల లోపో పుట్టిన ప్రతి బిడ్డకీ ముప్పై రోజులు దాటకముందే రెటీనా పరీక్ష జరగాలి. ఇంత చిన్న పిల్లలకైతే రెండు, మూడు వారాలకే. ఈ పాపకి మూడో వారంలో చూసినప్పుడు రెండో దశ ఆర్‌ఓపీ ఉంది, అంటే నెలలు నిండని పిల్లల రెటీనాకి వచ్చే జబ్బు. లేజర్ దాకా వెళ్ళకుండానే తగ్గుముఖం పట్టింది. కానీ పూర్తిగా తగ్గిందని కంటి డాక్టరు చెప్పేదాకా ఒక్క పరీక్ష కూడా తప్పకూడదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ పరీక్ష మంచం దగ్గరికే వస్తుంది. ఇంటికెళ్ళాక మనమే వెళ్ళాలి. పిల్లల చూపు పోయేది చాలాసార్లు ఈ మధ్యకాలంలోనే. అందుకే కంటి పరీక్ష తేదీ ఖాయం కాకుండా ఎవరి డిశ్చార్జ్ కాగితం మీదా నేను సంతకం పెట్టను.

ఏ ఇంటికి?

మా ఫారంలో "ఇంటి చిరునామా" అని ఒక్కటే గడి ఉంటుంది. మన దగ్గర బాలింతకి రెండు చిరునామాలు. ఈ అమ్మాయి పుట్టిల్లు మాడుగుల అవతల కొండవార ఒక పల్లెలో. అత్తిల్లు అనకాపల్లి టౌనులో. మొదటి కాన్పు కాబట్టి పుట్టింటికే వెళ్తుందని రెండు కుటుంబాలూ ముందే అనుకున్నాయి. ఆ సంగతి నాకు తెలిసింది 63వ రోజున, అదీ మాటల మధ్యలో. అప్పటిదాకా మేం అనకాపల్లి ఇంటినే మనసులో పెట్టుకుని ప్లాన్ వేస్తున్నాం.

పాప తండ్రి అచ్యుతాపురంలో కంపెనీ ఉద్యోగి, షిఫ్ట్ డ్యూటీ. రెండు ఇళ్ళనీ ఫోన్‌లో వీడియో తీసి తెమ్మన్నాను. "గది ఒక్కటే కాదు బాబూ, వాకిట్లోంచి మొదలుపెట్టి వంటగది, దేవుడి గూడు, కరెంటు మీటరు, పెరడు, అన్నీ తియ్యి" అని చెప్పాను. అతను శ్రద్ధగా తీశాడు. ఆ రెండు వీడియోలు చూశాక 66వ రోజు తేదీ వాయిదా వేయమని డాక్టరుగారికి చెప్పాను.

పల్లెలో ఇల్లు శుభ్రంగా, చల్లగా ఉంది. కానీ బాలింత గది పక్కనే కట్టెల పొయ్యి. గదికి ఒకే ప్లగ్గు, అదీ రెండు పిన్నులది, ఎర్తింగ్ లేదు. వాన పడితే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదని తండ్రే చెప్పాడు. అక్కణ్ణుంచి మా దగ్గరికి రెండు గంటలకు పైగా ప్రయాణం. వీడియో చివర్లో అరుగు మీద తాతమ్మ కూర్చుని ఉంది, చేతిలో చుట్ట.

అంతకుముందు వారం "ఇంట్లో పొగ తాగేవాళ్ళున్నారా?" అని నేనే అడిగాను. లేరన్నారు. అబద్ధం కాదు. ఆ ప్రశ్న వాళ్ళకి మగవాళ్ళ గురించి అడిగినట్టు వినిపించింది. మా వైపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళలో చుట్ట అలవాటు ఉంది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ కూడా ఉంది. అది ఎవరికీ పొగ తాగడంలా అనిపించదు. అప్పట్నుంచీ నేను ప్రశ్న మార్చుకున్నాను: "చుట్ట, బీడీ, పొయ్యి, సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చుట్ట. వీటిలో మీ ఇంట్లో ఏవేం వెలుగుతాయమ్మా?" ఇలా పేరుపేరునా అడిగితే ఎవరూ దాచరు.

అత్తిల్లు టౌనులో ఉంది, కరెంటు మెరుగు, ప్రభుత్వాసుపత్రి దగ్గర, మా దగ్గరికి గంట దూరం. కానీ అక్కడ పాపని రాత్రిళ్ళు చూసే చేతులు లేవు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, తండ్రికి నైట్ షిఫ్టులు. పాపని పెంచే ఓపిక, అలవాటు ఉన్న మనిషి అమ్మమ్మ. ఆవిడేమో వియ్యాలవారింట్లో నెలల తరబడి ఎలా ఉంటానని మొహమాటపడింది. అది చిన్న విషయం కాదు. ఆవిడ అక్కడ ఇబ్బందిగా ఉంటే అర్ధరాత్రి లేచి ఏ పనీ ధైర్యంగా చేయలేదు.

రెండు వైపులవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడాం. డాక్టరుగారు వైద్యం సంగతి చెప్పి లేచారు, మిగతాది వాళ్ళే తేల్చుకున్నారు. దారి చూపించింది అత్తగారు. తమ వీధిలోనే రెండు గదుల పోర్షన్ అద్దెకుందని, అందులో అమ్మమ్మ, బాలింత, పాప ఉంటారని, అన్నం తమ ఇంటి నుంచి వస్తుందని చెప్పారు. "పిల్ల బతికి బట్టకట్టాలి గానీ పద్ధతులదేముంది వదినగారూ, అన్నీ తర్వాత చేసుకుందాం" అన్నారు అమ్మమ్మతో. ఆ మాటతో నా సగం టెన్షన్ తగ్గింది.

ఉగ్గుగిన్నె

68వ రోజు మధ్యాహ్నం. పాపకి రెండు గంటలకొకసారి 28 మి.లీ. పాలు. రోజుకు మూడు నాలుగుసార్లు తల్లి దగ్గరే తాగుతోంది, మిగతావి పిండిన పాలు, ఉగ్గుగిన్నెతో. సీసా మేం వాడం. తల్లికి పట్టడం వచ్చేసింది. అమ్మమ్మని ఆ రోజే మొదటిసారి లోపలికి పిలిచి, మాస్కు వేసి, మోచేతుల దాకా చేతులు కడిగించి గిన్నె చేతికిచ్చాను.

ఆవిడ కళ్ళు వెలిగాయి. "ఇది నాకు రాకపోవడమేంటమ్మా, నలుగుర్ని పెంచాను" అని కింద చాప మీద కూర్చుంది. కాళ్ళు బారజాపి, పాపని వెల్లకిలా కాళ్ళ మీద పడుకోబెట్టింది. ఎడమ చేత్తో బుగ్గలు నొక్కి నోరు తెరిపించి గిన్నె వంచబోయింది. మన అమ్మమ్మలందరూ ఉగ్గు పట్టిన పద్ధతే అది. నెలలు నిండిన గట్టి పిల్లలు ఎలాగో మింగేస్తారు. ఈ పాప మింగడానికి ఊపిరి ఆపాలి, ఊపిరి తీయడానికి మింగడం ఆపాలి. ఆ రెండూ ఇంకా పూర్తిగా కుదరని వయసు, పైగా అలసిపోయే ఊపిరితిత్తులు. వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పోస్తే పాలు ఎటు పోతాయో చెప్పలేం.

నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. "పెద్దమ్మా, మీ చెయ్యి చాలా నిలకడగా ఉంది. ఆ చెయ్యే కావాలి నాకు. పాపని మాత్రం కూర్చోబెట్టినట్టు పట్టుకుందాం" అన్నాను. పాపని గుడ్డలో చుట్టి, మెడ కింద ఆవిడ అరచెయ్యి పెట్టించి, సగం లేపిన భంగిమలో ఒళ్ళో పెట్టాం. గిన్నె మూతిని కింది పెదవి మీద, నోటి మూలకి ఆనించాలి. పాలు పెదవికి తగిలేంత మాత్రమే వంచాలి. పోయకూడదు, అందించాలి. పాప నాలుక చాపి తీసుకుంటుంది, మింగుతుంది, ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగినప్పుడు మనమూ ఆగాలి. గొంతు దగ్గర చిన్న కదలిక చూపించి, "ఇదిగో మింగింది, ఇప్పుడు ఊపిరి తీసుకుంటోంది, ఆగండి. ఇప్పుడు మళ్ళీ" అంటూ ఆ లయ ఆవిడ చేతికి వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను. 28 మి.లీ. పట్టడానికి 25 నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి మానిటర్ మీద 89 కనిపించింది. ఆవిడే గిన్నె పక్కకి తీసి, పాప ముఖం వైపు చూస్తూ ఆగింది. నేను చెప్పకముందే. ఆ క్షణంలో నాకు ఈ ఇంటి మీద నమ్మకం కుదిరింది.

ఆ రోజే మిగతావీ మాట్లాడాం. నోట్లో ఆముదం చుక్కలు వద్దు, వసకొమ్ము అరగదీసి నాకించడం వద్దు. ముక్కులో, నోట్లో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే వచ్చే న్యుమోనియా తగ్గడం చాలా కష్టం. కాటుక కంటికి వద్దు, దిష్టి చుక్క కావాలంటే అరికాలికి పెట్టుకోండి అన్నాను. ఒంటికి కొబ్బరినూనె మెల్లగా రాయడం మాత్రం వద్దనలేదు, అది మంచిదే. అన్నీ కాదంటే మన మాట ఒక్కటీ మిగలదు. సాంబ్రాణి దగ్గర ఆవిడ పట్టుబట్టింది: "పొగ వెయ్యకపోతే జలుబు చేస్తుందమ్మా." ఈ పాపకి సాంబ్రాణి రెండు విధాల ప్రమాదం. పొగ ఆ ఊపిరితిత్తులకి పడదు. పైగా ఆక్సిజన్ వచ్చే చోట నిప్పుకణిక. ఆక్సిజన్ తనంతట తాను మండదు గానీ, పక్కనున్న గుడ్డనీ దూదినీ క్షణంలో భగ్గుమనిపిస్తుంది. "పొగ పని వెచ్చదనమే కదా పెద్దమ్మా, ఆ వెచ్చదనం మీ అమ్మాయి గుండెల మీద దొరుకుతుంది" అని కంగారూ కేర్ చూపించాను, అంటే బిడ్డని ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండెల మీద పెట్టుకోవడం.

ఆ పద్ధతి ఇంక్యుబేటర్లు చాలని చోట పుట్టింది. 1978లో కొలంబియాలోని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే సనబ్రియా మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని, తక్కువ బరువు పిల్లలకి రోజుకు 8 నుంచి 24 గంటలు ఇవ్వమంటోంది. తల్లి ఒంటి వెచ్చదనానికి కరెంటు అక్కర్లేదు. అమ్మమ్మ కూడా తన గుండెల మీద పెట్టుకోవచ్చని చెప్పినప్పుడు ఆవిడ "నేనా?" అని రెండుసార్లు అడిగింది.

ఆక్సిజన్ సరంజామా

కాన్సంట్రేటర్ అద్దెకు తెచ్చారు. గాలిలోంచే ఆక్సిజన్ వేరు చేసే మిషన్ కాబట్టి నింపే పని లేదు, కానీ కరెంటు ఉండాలి. ఐదు లీటర్ల మిషన్ 300 నుంచి 350 వాట్ల దాకా లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపితే బ్యాటరీని బట్టి రెండు మూడు గంటలు. ఆ ఇన్వర్టర్ కూడా సైన్‌వేవ్ రకం అయితేనే మిషన్ మోటారుకి మంచిది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. అద్దెకిచ్చిన డీలరు పంపిన మిషన్‌లో ఫ్లో (నిమిషానికి ఎంత ఆక్సిజన్ వస్తుందో చూపే) గుర్తులు అర లీటరు నుంచి మొదలవుతున్నాయి. పాపకి కావాల్సింది పావు లీటరు. "సగానికి సగం అంచనాగా పెట్టుకోండి" అని తెచ్చినతను చెప్పాడట. అంచనా పనికిరాదు. ఎక్కువ ఆక్సిజన్ ఈ పిల్లలకి మేలు చేయదు, కళ్ళు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. నిమిషానికి లీటరు లోపు పదో వంతుల గుర్తులుండే చిన్నపిల్లల ఫ్లోమీటర్ తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. సిలిండర్‌కి కూడా అలాంటిదే ఇంకొకటి. ఎవరైనా ఇంటి ఆక్సిజన్ ఏర్పాటు చేస్తుంటే మొదటిరోజే ఇది చూసుకోండి.

సిలిండర్ లెక్క తల్లితోనే వేయించాను, ఇంటర్ చదివిన పిల్ల. బి-టైప్ సిలిండర్‌లో నిండుగా ఉంటే 1500 లీటర్లు. నిమిషానికి పావు లీటరంటే గంటకు 15 లీటర్లు. అంటే 100 గంటలు. "నాలుగు రోజులు వస్తుందా సిస్టర్!" అంది. అప్పటిదాకా కరెంటు పోతే పాప ప్రాణం పోతుందని ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా భయపడుతోంది. ఆ లెక్క ఇచ్చిన ధైర్యం నా మాటలు ఇవ్వలేకపోయాయి. సిలిండర్ తాళం చెవిని సిలిండర్ మెడకే దారంతో కట్టించాం. నూనె రాసిన చేతులతో సిలిండర్ వాల్వు ముట్టుకోకూడదని అమ్మమ్మతో మూడుసార్లు చెప్పించుకున్నాను, ఎందుకంటే కొబ్బరినూనె రాసేదీ ఆవిడే. పాప ముక్కు దగ్గర వాజెలిన్ కూడా వద్దు.

ఆక్సీమీటర్ అంటే తండ్రి కోవిడ్ రోజుల్లో కొన్న వేలి క్లిప్పు తెచ్చాడు. అది పెద్దవాళ్ళ వేలికి తయారుచేసింది, పాప పాదానికి పెడితే చూపించే అంకెని నమ్మలేం. పాదానికి చుట్టే ప్రోబ్ ఉన్న చిన్న మిషన్ అద్దెకు తీసుకున్నారు. దీపం, అగరొత్తులు ముందు గదిలో, పాప గదిలో కాదు. పాప పొట్టలో పడే ప్రతి చుక్క ముందూ చేతులు సబ్బుతో కడగాలి. కరెంటాఫీసులో ఒక అర్జీ ఇచ్చి, ఈ ఇంట్లో ఆక్సిజన్ మీద పసిబిడ్డ ఉందని లైన్‌మన్‌కి కూడా చెప్పమన్నాం. ఆ వీధి ఆశా కార్యకర్తతో నేనే ఫోన్‌లో మాట్లాడాను.

రెండు రాత్రులు

72, 73 రోజుల రాత్రులు తల్లినీ అమ్మమ్మనీ పాపతోపాటు వార్డు పక్క గదిలో ఉంచాం. సామానంతా ఇంటికి వెళ్ళబోయేదే. నియమం ఒక్కటే: ప్రమాదమనిపిస్తే తప్ప మేం లోపలికి వెళ్ళం. అద్దంలోంచి చూస్తాం.

మొదటి రాత్రి రెండుంపావుకి ఆక్సీమీటర్ మోగింది. 84. తల్లి ఉలిక్కిపడి లేచి, ముందు మిషన్ దగ్గరికి పరిగెత్తి ఆక్సిజన్ పెంచింది. అంకె కదల్లేదు. ఇంకా పెంచింది. నేను తలుపు మీద చెయ్యి వేసేలోపు అమ్మమ్మ అంది, "ముందు పిల్లని చూడవే." ముక్కు గొట్టాలు బుగ్గ మీదకి జారిపోయి ఉన్నాయి. సరిచేయగానే అర నిమిషంలో 94కి వచ్చింది. పెంచిన ఆక్సిజన్ తగ్గించడం మాత్రం ఇద్దరూ మర్చిపోయారు. అప్పుడు నేను లోపలికి వెళ్ళాను.

తల్లి ఏడ్చింది. "నా వల్ల కాదు సిస్టర్, ఇంకో నెల ఇక్కడే ఉంచండి" అంది. కాసేపు ఏడవనిచ్చాను. తర్వాత ముగ్గురం కూర్చుని ఒక కాగితం రాశాం, ఆ పిల్ల చేతిరాతతోనే. మొదట పాప ముఖం, పెదాల రంగు. రెండు, ఛాతీ కదులుతోందా? లేకపోతే వీపు రుద్దు, పాదం మీద తట్టు. మూడు, గొట్టాలు ముక్కులోనే ఉన్నాయా? నాలుగు, ట్యూబ్ ఎక్కడైనా మడతపడిందా, ఎవరైనా దాని మీద కూర్చున్నారా? ఐదు, పాదం ప్రోబ్ ఊడిందా? చివరికి మిషన్. ఫ్లో పెంచాల్సి వస్తే పెంచిన వెంటనే మాకు ఫోన్.

రెండో రాత్రి పదకొండింటికి చెప్పకుండా వాళ్ళ గది కరెంటు తీశాం. కాన్సంట్రేటర్ కూత పెట్టింది. తల్లి సెల్‌ఫోన్ లైటు వేసింది, అమ్మమ్మ పాప దగ్గర కూర్చుంది. సిలిండర్ మీదకి మార్చడానికి మూడు నిమిషాలు. మళ్ళీ చేయించాం, నిమిషంన్నర. మూడోసారి నలభై సెకన్లు. బొమ్మ మీద గుండె నొక్కడం, నోటితో ఊపిరివ్వడం కూడా తల్లికీ తండ్రికీ నేర్పాం: 30 నొక్కులకి 2 ఊపిరులు, పాప ముక్కూ నోరూ కలిపి మన నోటితో మూసి. అమ్మమ్మ ఆ బొమ్మని చూడలేకపోయింది, బయటికి వెళ్ళిపోయింది. ఆవిడని బలవంతపెట్టలేదు.

మందుల కాగితం, మా తప్పు

ఇంటికి ఇచ్చినవి: ఐరన్ చుక్కలు, విటమిన్ డి చుక్కలు, మల్టీవిటమిన్, పిండిన పాలలో కలిపే పొడి పొట్లాలు. 25 మి.లీ. పాలకి ఒక పొట్లం, పట్టేముందే కలపాలి. మా డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీషులో నాలుగు పేజీలు. దాన్ని ఇంట్లో ఎవరూ చదవరు కాబట్టి తెలుగులో ఒక్క పేజీ రాసిచ్చాను. ప్రతి మందు సిరంజికీ ఎంతవరకు లాగాలో రంగు ప్లాస్టర్ చుట్టాను.

అయినా తప్పు జరిగింది. విటమిన్ డి "1 మి.లీ." అని రాశాం, ఎన్ని యూనిట్లో రాయలేదు. బజారులో మి.లీ.కి 400 యూనిట్లవీ ఉన్నాయి, 800 యూనిట్లవీ ఉన్నాయి. మేం ఇవ్వాలనుకున్నది 400. సీసా అయిపోయాక మందుల షాపులో ఇచ్చింది 800. మొదటి చెకప్‌లో సీసాలన్నీ సంచిలో తెమ్మన్నాం కాబట్టి బయటపడింది. ఆ కొద్దిరోజులకి పాపకి హాని ఏమీ లేదు. కానీ తల్లి తప్పేమీ లేకుండానే ఆమె నన్ను క్షమించమని అడిగింది, అది నన్ను చాలా బాధపెట్టింది. ఇప్పుడు మా కాగితాల మీద మి.లీ. పక్కన యూనిట్లు, సీసా బొమ్మ రెండూ ఉంటాయి.

ఆరు వారాల టీకాలు వార్డులోనే వేశాం. నెలలు నిండకుండా పుట్టినా టీకాలకి లెక్క పుట్టినరోజు నుంచే. వినికిడి పరీక్ష చేశాం, మళ్ళీ చేయాల్సి ఉంది.

74వ రోజు

బరువు 2140 గ్రాములు. ప్రయాణం గంట కాబట్టి, ముందురోజు వార్డులోనే పాపని తల్లి గుండెల మీద కంగారూ సంచిలో గంటన్నర కూర్చోబెట్టి శాచురేషన్ చూశాం, తగ్గలేదు. కారులో వెనక సీట్లో తల్లి, పక్కన అమ్మమ్మ, సిలిండర్ కదలకుండా బెల్టుతో కట్టి. నేను అనకాపల్లి దాకా వెళ్ళాను. మా ఆసుపత్రిలో ఇది తప్పనిసరి కాదు, సెలవు పెట్టి వెళ్ళాను. ఇల్లు చేరాక కాన్సంట్రేటర్ పెట్టి, అరగంట చూసి, పోర్షన్ గోడ మీద ఆ చేతిరాత కాగితం అంటించాం. పక్కన మూడు నంబర్లు: మా వార్డు, అనకాపల్లి ఆసుపత్రి పిల్లల డాక్టరు, 108. కింద ఎప్పుడు ఆలోచించకుండా బయల్దేరాలో రాశాం: పాలు తాగకపోతే, ఊపిరి నిమిషానికి 60 దాటితే, డొక్కలు లోపలికి లాగుతుంటే, పెదాలు నీలంగా మారితే, ఫిట్స్ వస్తే, ఒళ్ళు కాలినా చల్లబడినా, తట్టితే తప్ప కదలకపోతే.

ఇరవయ్యొకటో రోజు జరగాల్సిన బారసాల ఆగిపోయింది కదా, పాప రాగానే చేద్దామని రెండు వందల మందిని అనుకున్నారట. అత్తగారే ఆపారు. పాపకి పేరు ఇంట్లోవాళ్ళ మధ్యే, బియ్యంలో రాసి పెట్టారు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి గుమ్మంలోంచే చూపించారు. ఆ మాట కఠినంగా చెప్పే పని తాతగారు తీసుకున్నారు. జలుబు చేసినవాళ్ళని, సొంత తమ్ముణ్ణి కూడా, వెనక్కి పంపారట.

తర్వాత

పదకొండో రోజు రాత్రి గాలివాన, ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. 14 గంటలు కరెంటు లేదు. తండ్రి నైట్ షిఫ్టులో ఉన్నాడు. తల్లి నాకు ఫోన్ చేసింది పొద్దున్న ఏడింటికి. కంగారుపడుతూ ఎత్తాను. "సిలిండర్ మీద బాగానే ఉంది సిస్టర్, రాత్రి ముగ్గురం చీకట్లోనే కంగారూలో పడుకున్నాం. సిలిండర్ నింపించడానికి చెప్పాను. మీకు చెబుదామని చేశానంతే" అంది.

డిశ్చార్జ్ అయిన రెండో నెలలో జలుబు ముదిరి బ్రాంకియోలైటిస్‌తో (ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల వాపుతో) ఐదు రోజులు మళ్ళీ మా దగ్గర ఉంది. ఆక్సిజన్ అర లీటరు దాకా పెంచాల్సి వచ్చింది. బీపీడీ పిల్లల్లో ఇది జరుగుతుందని ముందే చెప్పాం, అందుకే వాళ్ళు ఆలస్యం చేయకుండా వచ్చారు. ఊపిరి లెక్కపెట్టి, వీడియో తీసి మరీ తెచ్చారు. కళ్ళలో ఆర్‌ఓపీ పూర్తిగా తగ్గింది.

ఆక్సిజన్ తీసేయడం డాక్టరు చెప్పినట్టే జరిగింది. ముందు పగలు మెలకువగా ఉన్నప్పుడు, తర్వాత పాలు తాగేటప్పుడు, అన్నిటికన్నా చివర నిద్రలో. పాప చక్కగా ఆడుకుంటోందని ఇంట్లోవాళ్ళే తీసేయడం చాలా చోట్ల చూశాను. వీళ్ళు తీయలేదు. ఇంటికెళ్ళిన నాలుగున్నర నెలలకి, రాత్రంతా రికార్డు చేసిన శాచురేషన్, ఎకో రెండూ చూశాక కాన్సంట్రేటర్ వెనక్కి ఇచ్చేశారు. సిలిండర్ ఇంకో నెల ఉంచమన్నాం.

మొన్న చెకప్‌కి అమ్మమ్మే ఎత్తుకొచ్చింది. పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కిస్తే పాపకి ఇప్పుడు ఏడు నెలలు, బరువు 6 కిలోల 350 గ్రాములు. ఆసరా లేకుండా కొద్దిసేపు కూర్చుంటోంది. కుడి చేతికన్నా ఎడమ చెయ్యి ఎక్కువ వాడుతోందేమోనని నాకు అనిపించి డాక్టరుగారికి చూపించాను. వచ్చే నెల మళ్ళీ చూద్దామన్నారు, ఫిజియోథెరపీ విభాగానికి రాశారు. అదే రోజు వినికిడి పరీక్ష కూడా ఉంది. తేదీని ఫోన్‌లో పెట్టుకోమంటే తల్లి నవ్వి, గోడ మీద కాగితం ఇంకా ఉందని, అక్కడే రాస్తానని చెప్పింది.